బుడాపెస్టు, హైదరాబాదు : 1956 నాటి ఫుట్‌బాలు

మన భివండీ పట్టణమున ఆటస్థలము దొరకుట కష్టము. అంజూర్ ఫాటా చుట్టును గిడ్డంగులు, మరమగ్గముల శాలలు, సరకుబండ్లు నిలుచు తావులు. అయినను సెలవుదినమున ఏ సందున చూచినను మన విద్యార్థులు బంతి నాడుచునే యుందురు. వారిలో క్రికెట్టు నాడువారే పెక్కుమంది. ఫుట్‌బాలు వంగదేశమువారిది, గోవావారిది, కేరళమువారిది గాని మన తెలుగునేలది కాదని పలువురు విద్యార్థులు తలంచుచున్నారు. ఈ తలంపు సరియైనది కాదు. ఒకానొక కాలమున భారతదేశమునందలి ఫుట్‌బాలునకు హైదరాబాదు ఒక విద్యాపీఠము వంటిదిగా నుండెను. ఆ నగరపు పోలీసు జట్టు మనకు పొరుగుననే యున్న బొంబాయికి వచ్చి, అయిదేండ్లు వరుసగా రోవర్సు కప్పును గెలిచికొని పోయెను.

ఆ కాలముననే ప్రపంచపు ఫుట్‌బాలునందు గొప్ప వింతలు చేసినవి తూర్పు యూరోపులోని కమ్యూనిస్టు దేశములు. వానిలో హంగరీ మొదటిది. ఆ దేశమున జట్లను ఎవరు నడిపిరి, ఏడాది పొడవున పోటీలు ఎట్లు జరిగెను, హైదరాబాదు జట్టునకును ఆ జట్లకును గల పోలిక యేమి, భేదమేమి అను విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

లీగు పోటీ యనగా నేమి?

మొదట లెక్క చూతము. ఫుట్‌బాలు పోటీలు ముఖ్యముగా రెండు విధములు. ఓడినవారు వెంటనే వెడలిపోవునది మొదటి విధము. ఆ కాలపు మన దేశపు డ్యూరాండు కప్పు, రోవర్సు కప్పు ఈ జాతివి. ప్రతి జట్టును తక్కిన ప్రతి జట్టుతోను ఆడునది రెండవ విధము. దీనినే లీగు అందురు.

1950 తరువాతి యేండ్లలో హంగరీ దేశపు మొదటితరగతి లీగునందు 14 జట్లు ఆడుచుండెను. ఒక్కొక్క జట్టునకు 13 మంది ప్రత్యర్థులు. ఒక్కొక్కరితో రెండు మారులు, అనగా ఒకమారు తన యింట, ఒకమారు వారి యింట, ఆడవలయును. కనుక ఒక జట్టునకు 26 ఆటలు. జట్లు 14 గనుక 14ను 26చే హెచ్చించి, ప్రతి ఆటయందును రెండు జట్లుండును గనుక రెండుచే భాగింపగా 182 వచ్చును. ఒక సంవత్సరమున జరుగవలసిన ఆటలు 182 అన్నమాట.

గెలిచిన జట్టునకు 2 పాయింట్లు, సమానముగా ముగిసినచో చెరి 1 పాయింటు ఇచ్చుచుండిరి. గెలుపునకు 3 పాయింట్లిచ్చు నేటి పద్ధతి అప్పటికి లేదు. రెండు జట్లకు పాయింట్లు సమానమైనచో గోలుల నిష్పత్తిని చూచుచుండిరి. చేసిన గోలులను ఇచ్చిన గోలులచే భాగించుటయే ఆ నిష్పత్తి. ఒక జట్టు 60 గోలులు చేసి 30 ఇచ్చినదనుకొందము, నిష్పత్తి 2. వేరొక జట్టు 45 చేసి 20 ఇచ్చినదనుకొందము, నిష్పత్తి 2.25. కనుక రెండవ జట్టే పైది. నేటి పద్ధతి ననుసరించి తీసివేత చేసినచో మొదటి జట్టునకు 30, రెండవ జట్టునకు 25 వచ్చును. అప్పుడు మొదటిదే పైది యగును. పాత పద్ధతి గోలులు ఇయ్యకుండుటను ఎక్కువగా మెచ్చుకొనును. క్రొత్త పద్ధతి గోలులు చేయుటను మెచ్చుకొనును. నియమము మారినచో ఆటతీరును మారునని దీనివలన గ్రహింపవచ్చును.

ఇంకొక విశేషము కలదు. యూరోపునందు పెక్కుదేశములలో పోటీలు శరత్కాలమున మొదలై మరుసటి వసంతమున ముగియును. సోవియట్ దేశమున శీతకాలపు మంచు మిక్కుటము గనుక అచ్చట వసంతమున మొదలుపెట్టి ఆ సంవత్సరపు శరత్తునందే ముగించుచుండిరి. హంగరీవారు ఆ మాదిరిని అనుసరింపగోరి, 1950 శరత్తున సగము పోటీ మాత్రము జరిపి, 1951 నుండి తమ లీగును వసంతమున మొదలుపెట్టిరి. పంచాంగమునందును పెద్దదేశపు నీడ పడినదన్నమాట. 1956లో హంగరీ లీగు సగమున తెగిపోవుటకు ఇదియు నొక కారణము. ఆ సంగతి ముందు చెప్పుదుము.

జట్టు వెనుక నున్నది యెవరు?

ఇంగ్లండునందు ఫుట్‌బాలు జట్లు వర్తకసంఘముల వంటివి. ఆటగాండ్రకు ఆటయే వృత్తి, జీతము ఆటకే. కమ్యూనిస్టు దేశములలో వృత్తి ఆటగాడను మాటయే లేదు. ప్రతి జట్టును ఏదో యొక ప్రభుత్వశాఖకో, కార్మికసంఘమునకో చెందియుండెను. సోవియట్ దేశమున డైనమో జట్టు పోలీసు, అంతరంగిక శాఖలది; లోకోమోటివ్ రైల్వేలది; టార్పెడో మోటారుబండ్ల కర్మాగారముది; సైన్యమునకు వేరుగా జట్టు కలదు. యుగోస్లావియాలో పార్టిజాన్ జట్టు సైన్యమున పుట్టినది.

హంగరీలో 1949, 1950 సంవత్సరములందు పాత జట్లన్నిటిని ఇట్లే పంచిరి. బుడాపెస్టు శివారున కిష్‌పెస్ట్ అను చిన్నజట్టు ఉండెను. దానిని రక్షణశాఖ తీసికొని హోన్‌వేద్ అని పేరు పెట్టెను. దేశరక్షకుడని ఆ మాటకు అర్థము. ఉయ్‌పెస్ట్ జట్టు పోలీసులకు చెందెను. ప్రజలలో మిక్కిలి పలుకుబడి గల ఫెరెన్స్‌వారోష్ జట్టును ఆహారపరిశ్రమ కార్మికులకు అప్పగించి, దాని పేరును, దుస్తుల రంగును కూడ మార్చిరి. మన నేతగాండ్ర పట్టణమువారికి ఆసక్తి కలిగించు విషయ మొకటి కలదు. ఎం.టి.కె. అను ప్రాతజట్టునకు మొదట వస్త్రపరిశ్రమ పేరు పెట్టిరి. పిమ్మట రహస్యపోలీసుశాఖ దానిని కైకొని కోటబురుజు అను అర్థము గల బాష్త్య యని పిలిచెను. 1953లో ఎఱ్ఱజెండా అను అర్థము గల వొరొష్ లొబొగో యను పేరు వచ్చెను. నాలుగేండ్లలో ఒకే జట్టునకు నాలుగు పేర్లు!

1951 నుండి 1955 వరకు హంగరీ విజేతల పట్టికను చూచినచో రెండు జట్లే కనబడును. 1952, 1954, 1955 సంవత్సరములందు సైన్యపు జట్టు హోన్‌వేద్ గెలిచెను. 1951లో బాష్త్య, 1953లో వొరొష్ లొబొగో గెలిచెను. ఈ రెండును ఒకే జట్టని పైన చెప్పితిమి. తక్కిన పండ్రెండు జట్లకు ఒక్క సంవత్సరమైనను విజయము దక్కలేదు. మంచి ఆటగాండ్రను సైనిక సేవ పేరిట హోన్‌వేద్‌నకు రప్పించుటయే దీనికి ముఖ్యకారణము. ఫెరెన్స్‌వారోష్‌నుండి కోచిష్, బుదయి యను వారు ఇట్లే వచ్చిరి.

ఇందు దేశమునకు ఒక లాభము కలిగెను. జాతీయజట్టును నడపిన గుస్తావ్ షెబెష్ క్రీడాశాఖలో ఉన్నతాధికారి కూడ. దేశమునందలి మేటి ఆటగాండ్రు రెండు మూడు జట్లలో చేరి ఏడాది పొడవున కలసి ఆడినచో, వారు జాతీయజట్టుగా నిలిచినప్పుడు ఒకరి మనసు ఒకరికి తెలియునని ఆయన అభిప్రాయము. అట్లే జరిగెను. 1953 నవంబరు 25న లండనులోని వెంబ్లీ మైదానమున హంగరీ జట్టు ఇంగ్లండును 6–3 గోలులతో ఓడించెను. ఆ దినమున మొదట నిలిచిన పదునొకండుగురిలో ఏడుగురు హోన్‌వేద్‌వారు, ముగ్గురు వొరొష్ లొబొగోవారు, ఒకడు మాత్రము దొరోగ్ అను బొగ్గుగనుల పట్టణపు జట్టువాడు. 1950 మే మాసము మొదలు 1954 జూలై 4న ప్రపంచకప్పు తుదిపందెమున పశ్చిమజర్మనీచే 3–2తో ఓడువరకు, అధికారిక అంతర్జాతీయ పందెములందు ఆ జట్టునకు ఓటమి యనునది లేదు.

కాని వెలుగు వెనుక చీకటియు నుండెను. ఆటగాడు తన యిష్టమైన జట్టున చేరుటకుగాని, దేశము విడిచి పోవుటకుగాని స్వేచ్ఛ లేదు. ఉయ్‌పెస్ట్ పోలీసుజట్టున ఆడిన షాందోర్ సూచ్ అను జాతీయ ఆటగాడు దేశము దాటిపోవ ప్రయత్నించెను. పోలీసు ఉద్యోగిగా లెక్కకెక్కినవాడు గనుక సైనిక న్యాయస్థానము విచారించి మరణశిక్ష విధించెను. 1951 జూన్ 4న ఆ శిక్ష అమలు జరిగెను. వాని వయస్సు ముప్పది యేండ్లు నిండలేదు. ఎంత గొప్ప ఆటయైనను, ఆడువానికి మాట చెప్పుకొను వీలు లేనప్పుడు దాని విలువ యెంత? ఈ ప్రశ్నను విద్యార్థులు మరువరాదు.

హైదరాబాదు పోలీసు జట్టు

ఇప్పుడు మన నేలకు వత్తము. భారతదేశమున ఆ కాలమున దేశమంతకు ఒకే లీగు లేదు. అట్టిది 1996లో గాని మొదలు కాలేదు. కలకత్తా వంటి నగరములకు తమ తమ లీగులుండెను. దేశమునందలి మేటి జట్టు ఏదియో తేల్చునవి డ్యూరాండు, రోవర్సు వంటి కప్పులే. రోవర్సు కప్పు 1891లో బొంబాయియందు మొదలయ్యెను. మొదట దీనిని గెలిచినవన్నియు బ్రిటిషు పటాలములే. 1937లో బెంగుళూరు ముస్లిములు గెలిచి ఆ వరుసను త్రెంచిరి.

1950 నుండి 1954 వరకు అయిదేండ్లును ఆ కప్పు హైదరాబాదు నగర పోలీసు జట్టునకే చెందెను. ఓడినచో వెడలిపోవు పోటీయందు అయిదేండ్లు వరుసగా నిలుచుట యెంత కష్టమో ఆలోచింపుడు. లీగునందు ఒకనాడు ఓడినను మరునాడు సరిదిద్దుకొనవచ్చును. ఇచ్చట ఒక్క చెడ్డదినము చాలును. వరుసగా అయిదు మారులు గెలిచిన ఘనత రోవర్సు కప్పు చరిత్రమున మఱి యే జట్టునకును దక్కలేదు. ఆ పోటీ 2001 నాటికి నిలిచిపోయినది గనుక ఇక నెవరును దానిని దాటజాలరు. అదే జట్టు 1950, 1954, 1957 సంవత్సరములందు ఢిల్లీలో డ్యూరాండు కప్పును కూడ గెలిచెను.

ఈ విజయముల వెనుక నున్నవారు సయ్యద్ అబ్దుల్ రహీముగారు. ఆయన 1909లో హైదరాబాదున జన్మించిరి, ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు, వృత్తిచే బడిపంతులు. 1950 నుండి 1963లో మరణించువరకు పోలీసు జట్టునకు శిక్షకులుగా నుండిరి. భారత జాతీయజట్టునకు శిక్షకులైనవారును ఆయనయే. 1951లో ఢిల్లీయందు జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఆయన శిష్యులు ఇరానును 1–0తో గెలిచి బంగారు పతకము తెచ్చిరి.

రహీముగారి శిక్షణ బడిపంతులు చెప్పు పాఠము వంటిది. బంతిని పట్టుకొని నలుగురిని తప్పించుచు పోవుటయే గొప్పయని అప్పటి మన ఆటగాండ్రు తలంచుచుండిరి. రహీముగారు దీనికి విరుద్ధమైన పోటీలు పెట్టిరి. ఒక పోటీలో ఎవడును బంతిని తన్నుకొనుచు ముందునకు పోరాదు. అందిన వెంటనే తోడివానికి అందింపవలయును. వేరొక పోటీలో చేతకాని కాలితోనే, అనగా కుడికాలివాడు ఎడమకాలితోనే, తన్నవలయును. ఇట్టి నియమములచే ఆటగాడు తల యెత్తి చూచుట, ముందుగా ఆలోచించుట, రెండు కాళ్ళను వాడుట నేర్చుకొనెను. వీనికి ఖర్చు లేదు, పెద్ద మైదానమును అక్కరలేదు. మన పాఠశాల ముంగిటి చిన్నస్థలమున కూడ ఈ రెండు పోటీలను జరుపవచ్చును.

హైదరాబాదు జట్టునకును బుడాపెస్టు జట్లకును గల పోలిక ఇప్పుడు స్పష్టము. ఇచ్చటను ఆటగాండ్రు పోలీసుశాఖ ఉద్యోగులు, జీతము ఉద్యోగమునకు, ఆట ఆ యుద్యోగములో భాగము. ఏడాది పొడవున ఒకే శిక్షకుని వద్ద కలసి ఆడువారు. అందుచేతనే జాతీయజట్టు ఏర్పరచినప్పుడు హైదరాబాదువారు గుంపుగా అందు చేరిరి. భేదమును అంతే స్పష్టము. హైదరాబాదు ఆటగాడు తన యిచ్చవచ్చినచో ఉద్యోగము విడిచి కలకత్తాకో బొంబాయికో పోవచ్చును. పెక్కుమంది పోయిరి కూడ. వారి నెవరును శిక్షింపలేదు.

1956 శరత్తు

1952లో హెల్సింకీ ఒలింపిక్సుయందు మన జట్టు యుగోస్లావియాతో ఆడి 10–1తో ఓడెను. మనవారిలో పలువురు ఆ చలిలో వట్టికాళ్ళతో ఆడిరి. దీని తరువాతనే మన దేశమున బూట్లు తప్పనిసరి చేసిరి. అదే ఒలింపిక్సున బంగారు పతకమును హంగరీ గెలిచెను. హంగరీవారి ఆట రహీముగారికి గొప్ప పాఠమయ్యెను.

ఆ పాఠమేమో చెప్పుదుము. మామూలుగా సెంటరు ఫార్వర్డు గోలునకు దగ్గరగా నిలుచును. ఎదుటి జట్టు మధ్యరక్షకుడు వానిని అంటిపెట్టుకొని యుండును. హంగరీ జట్టున సెంటరు ఫార్వర్డగు హిదెగ్‌కుతి వెనుకకు జరిగి మైదానపు నడుమ నిలుచుచుండెను. ఎదుటి రక్షకుడు వాని వెంట వచ్చినచో గోలు ముందు ఖాళీ యేర్పడును. రాకున్నచో వాడు స్వేచ్ఛగా బంతిని పంచిపెట్టును. రెండును నష్టమే. ఈ పద్ధతిని రహీముగారు మన ఆటగాండ్రకు అలవరచిరి.

1956 నవంబరు 22న మెల్బోర్న్ నగరమున ఒలింపిక్సు మొదలయ్యెను. దానికి మూడువారముల ముందు, నవంబరు 1న, మన దేశమున రాష్ట్రముల పునర్విభజన జరిగెను. హైదరాబాదు రాష్ట్రము మూడుగా విడిపోయి, తెలుగుప్రాంతము ఆంధ్రప్రదేశమునను, మరాఠీప్రాంతము బొంబాయి రాష్ట్రమునను, కన్నడప్రాంతము మైసూరు రాష్ట్రమునను కలిసెను. భారతజట్టులో చేరిన అజీజుద్దీను, నూర్ మహమ్మదు, జుల్ఫికరుద్దీను, అహ్మదు హుసేను, తులసీదాస్ బలరాము మొదలగు హైదరాబాదు, సికింద్రాబాదు ఆటగాండ్రు ఒక రాష్ట్రమున పెరిగి, వేరొక రాష్ట్రపు పౌరులై ఓడ దిగిన తీరున మెల్బోర్న్ మైదానమున అడుగిడిరి. అయినను రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీని ఆ యేటను, మరుసటి యేటను గెలిచిన జట్టునకు హైదరాబాదను పేరే నిలిచియుండెను.

అదే సమయమున హంగరీలో పెద్ద కల్లోలము. అక్టోబరు 23న బుడాపెస్టు ప్రజలు ప్రభుత్వముపై తిరుగబడిరి. నవంబరు 4న సోవియట్ సైన్యము నగరమున ప్రవేశించి ఆ తిరుగుబాటును అణచెను. వసంతమున మొదలై శరత్తున ముగియవలసిన లీగు అప్పటికి చివరిదశలో నుండెను. పట్టికలో హోన్‌వేద్ మొదట నుండెను. మిగిలిన ఆటలు జరుగలేదు; ఆ యేటికి విజేతను ప్రకటింపలేదు. విజేతల పట్టికలో 1956 సంవత్సరపు గడి నేటికిని ఖాళీ.

హోన్‌వేద్ జట్టు అప్పుడు యూరోపియన్ కప్పున స్పెయిను దేశపు బిల్బావో జట్టుతో ఆడవలసియుండెను. తమ యింట ఆడవలసిన ఆటను బుడాపెస్టున ఆడుటకు వీలులేక బెల్జియము రాజధానియగు బ్రస్సెల్సున ఆడి, పోటీనుండి వెడలిపోయిరి. పుష్కాష్, కోచిష్, చిబోర్ అను మువ్వురు మేటి ఆటగాండ్రు మరల స్వదేశమునకు పోలేదు. పుష్కాష్ 1958లో మాడ్రిడ్ జట్టున చేరెను. తక్కిన యిరువురు బార్సెలోనాకు పోయిరి. ఇట్లు ప్రపంచమునందలి యొక గొప్ప జట్టు ఒక్క శీతకాలమున విచ్ఛిన్నమయ్యెను.

ఈ సంఘటన మన జట్టును కూడ తాకెను. మెల్బోర్న్‌లో మొదటి ఆటను భారతజట్టు హంగరీతోనే ఆడవలసియుండెను. హంగరీ ఫుట్‌బాలు జట్టు రాలేదు గనుక మనకు ఆడకుండగనే ముందడుగు లభించెను. డిసెంబరు 1న ఆస్ట్రేలియాను మనవారు 4–2తో గెలిచిరి. బొంబాయి ఆటగాడగు నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసెను. ఒలింపిక్సు ఫుట్‌బాలునందు ఒకే ఆటలో మూడు గోలులు చేసిన మొదటి ఆసియావాసి యతడే. డిసెంబరు 4న మరల యుగోస్లావియా! నెవిల్ డిసౌజాయే మొదటి గోలు చేసెను. కాని కొలది నిమిషములలోనే యుగోస్లావియావారు సమానము చేసి, తుదకు 4–1తో గెలిచిరి. మూడవస్థానమునకై జరిగిన ఆటలో బల్గేరియా మనలను 3–0తో ఓడించెను. మనకు నాల్గవస్థానము దక్కెను.

న్యాయముగా చెప్పవలెనన్న, ఈ నాల్గవస్థానము ఒక గెలుపుతోను ఒక వాకోవరుతోను వచ్చినది. దానిని దాచి పొగడుకొనుట తగదు. అయినను వేరొక లెక్క చూడుడు. నాలుగేండ్ల ముందు అదే యుగోస్లావియాతో తొమ్మిది గోలుల తేడా; ఇప్పుడు మూడు గోలుల తేడా, అందునను మొదటి గోలు మనది. శ్రద్ధగల శిక్షణ నాలుగేండ్లలో ఎంత మార్పు తెచ్చునో ఇది చూపుచున్నది.

మెల్బోర్న్ పతకముల పట్టికయు గమనింపదగినది. బంగారము సోవియట్ దేశమునకు, వెండి యుగోస్లావియాకు, కంచు బల్గేరియాకు. మూడును కమ్యూనిస్టు దేశములే. 1952 నుండి 1980 వరకు జరిగిన ఎనిమిది ఒలింపిక్సులందును ఫుట్‌బాలు బంగారము అట్టి దేశములకే చెందెను. దీనికి కారణము నియమము. ఆ కాలమున వృత్తి ఆటగాండ్రు ఒలింపిక్సున ఆడరాదని యుండెను. ఇంగ్లండు, ఇటలీ, స్పెయిను దేశముల మేటివారందరును వృత్తివారు. కనుక వారు రాలేరు. కమ్యూనిస్టు దేశముల మేటివారు కాగితముమీద సైనికులు, పోలీసులు, కార్మికులు. కనుక వారందరును రావచ్చును. పుష్కాష్ సైన్యమున అధికారి హోదా గలవాడు. ఇట్టి పూర్తి బలముగల జట్లతో మన పోలీసు ఉద్యోగులు, రైల్వే ఉద్యోగులు తలపడిరి.

తప్పిన ఆట జరిగిన దినము

1956లో జరుగని భారత–హంగరీ ఆట 1960లో రోము ఒలింపిక్సున జరిగెను. ఆగస్టు 26న మనవారు హంగరీని ఎదుర్కొని 2–1తో మాత్రమే ఓడిరి. ఆ హంగరీ జట్టే తుదకు కంచు పతకము గెలిచెను. వారిపై మన దేశపు గోలును చేసినవాడు సికింద్రాబాదు వాసియగు తులసీదాస్ బలరాము.

బలరాము పేదయింటి బిడ్డ. అమ్ముగూడలో తమిళము మాటలాడు కుటుంబమున 1936లో పుట్టినవాడు. సికింద్రాబాదునుండి హైదరాబాదునకు అభ్యాసమునకు వచ్చుటకు సైకిలు అద్దెకు కూడ డబ్బు లేనప్పుడు, రహీముగారు దినమునకొక రూపాయి ఇచ్చి రప్పించిరని ఆయనయే చెప్పియుండెను. పిమ్మట కలకత్తాయందు ఈస్ట్ బెంగాల్ జట్టున ఆడి కీర్తి గడించెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలందు సెప్టెంబరు 4న దక్షిణకొరియాను 2–1తో గెలిచి బంగారము తెచ్చిన జట్టునందును ఆయన యుండెను. ఆ యేడే అర్జున పురస్కారమును పొందెను. అనారోగ్యముచే 27వ యేటనే ఆట విడువవలసి వచ్చెను. 2023 ఫిబ్రవరి 16న మరణించెను.

జకార్తా విజయమునాటికే రహీముగారు క్యాన్సరు వ్యాధిచే బాధపడుచుండిరి. 1963 జూన్ 11న ఆయన కన్నుమూసిరి. ఆ తరువాత భారత ఫుట్‌బాలు జట్టు ఆసియా క్రీడలలో మరల బంగారు పతకము గెలువలేదు. హైదరాబాదు ప్రాభవము కూడ క్రమముగా తగ్గెను. మేటి యువకులు కలకత్తా జట్లకు తరలిపోవుట, రహీముగారి వంటి శిక్షకుడు మరల లభింపకపోవుట, క్రికెట్టు మోజు పెరుగుట, నగరము పెరిగి ఆటస్థలములు తఱుగుట దీనికి కారణములు. 2024లో ఆయన జీవితము నాధారముగా చేసికొని మైదాన్ అను హిందీ చలనచిత్రము వచ్చిన పిమ్మటనే పలువురు ఆయన పేరును వినిరి.

తల్లిదండ్రులకు ఒక మాట

ఆట కూడు పెట్టునా యని తల్లిదండ్రులు అడుగుట సహజము. పగలు రాత్రి మరమగ్గములయొద్ద నిలుచుండి బిడ్డలను చదివించువారికి ఆ ప్రశ్న అడుగు హక్కు కలదు. దీనికి ఔనని గాని కాదని గాని ఒక్కమాటలో చెప్పరాదు. హైదరాబాదు పోలీసు జట్టున ఆటయే కొందరికి ఉద్యోగము తెచ్చినది. నేడును రైల్వేలు, పోలీసుశాఖలు, సైన్యము క్రీడాకారులకు కొన్ని ఉద్యోగములు కేటాయించుచున్నవి. కాని అవి కొలదిమందికే. కనుక ఆటను నమ్ముకొని చదువు మానుట అవివేకము. చదువు పేరు చెప్పి ఆటను పూర్తిగా మాన్పించుటయు అంతే అవివేకము. రహీముగారు పట్టభద్రులు, ఉపాధ్యాయులు. చదువును ఆటను ఒకదానికొకటి శత్రువులని ఆయన యెన్నడును తలంపలేదు.

మన పిల్లలకు వేరొక చిక్కు కలదు. ఇంట తెలుగు, వీధిలో హిందీ, కచేరీలో మరాఠీ. పరాయిచోట నున్నామను సంకోచము వారిని అణచివేయును. 1956 నాటి భారతజట్టును వారికి చూపుడు. నాయకుడు సమర్ బెనర్జీ వంగదేశీయుడు, గోలులు చేసిన నెవిల్ బొంబాయివాడు, బలరాము తమిళకుటుంబీకుడు, అజీజుద్దీను ఇంట ఉర్దూ. బంతి అందుకొనువాడు ఏ భాషవాడో చూడకుండ, ఏ స్థలమున నున్నాడో చూచి అందించుటయే రహీముగారు నేర్పిన విద్య. ఆ విద్య మైదానమునకును తరగతిగదికిని బజారునకును సమానముగా ఉపయోగించును.

విద్యార్థులారా! రాబోవు సెలవులలో పదిమంది కూడి, చేతకాని కాలితో మాత్రమే తన్ను ఆటను ఒక్కవారము ఆడిచూడుడు. మొదటిదినమున నవ్వు వచ్చును. రెండవ దినమున విసుగు వచ్చును. వారము చివరికి రెండవకాలు కూడ మీదియేయని తెలియును. లీగు పద్ధతిని ఎన్నుకొని, పాయింట్ల పట్టికను మీరే వ్రాసి, గోలుల నిష్పత్తిని మీరే కట్టి, తరగతి గోడకు అంటింపుడు. అట్టి పట్టికలో ఏ గడియు ఖాళీ విడువకుండ చివరి ఆటవరకు ఆడుట మీ విధి. బుడాపెస్టు బాలురకు 1956లో ఆ యవకాశము దక్కలేదు, మీకు కలదు.